గృహవైద్యము: వెల్లుల్లియు, మందుబిళ్ళయు

పసుపు, తులసి, అల్లము, తిప్పతీగ మొదలగు పెరటి మూలికలపై మాకు గల గౌరవమును సోదరీమణు లెరుగుదురు. ఐనను మూలిక గుణమును చెప్పినంతనే మా పని తీరదు. దాని హద్దును గూడ చెప్పవలెను. హెచ్.ఐ.వి. విషయమున నా హద్దు తెలియకుండుట ప్రాణాపాయము.

దక్షిణాఫ్రికా కథ వినుడు. అచ్చటి గడ్డినేలలలో పసుపుపచ్చని చుక్కలవంటి పూలు పూయు హైపోక్సిస్ అను దుంపమొక్క గలదు. సదర్లాండియా యను నెర్రపూల పొద మరియొకటి. వీనిని నాటువైద్యులు చిరకాలముగా వాడుచున్నారు. 1999 మొదలు 2008 వరకు ఆరోగ్యమంత్రిణిగా నుండిన మాంటో షబలాలా-సిమాంగ్ ఆ దుంపను, వెల్లుల్లిని, నిమ్మను, బీటురూటును ఈ వ్యాధికి మిక్కిలిగా ప్రశంసించిరి. 2006లో టొరాంటో మహాసభయందు ఆ దేశపు ప్రదర్శనలో నవియే పేర్చిరి. వైరసు నణచు మందుల పంపకము మాత్రము జాగయ్యెను. 2000 మొదలు 2005 వరకు ఆ జాగువలన 3,30,000కు పైగా ప్రాణములు పోయెననియు, 35,000 మంది శిశువులకు వ్యాధి సోకెననియు హార్వర్డు పండితులు 2008లో లెక్కకట్టిరి.

ఇందు వెల్లుల్లి దోషమేమియు లేదు. వ్యంజనమును మందు పీటపై కూర్చుండబెట్టుటయే దోషము. వికారమునకు అల్లము మేలుచేయును. నోరు రుచి తప్పినపుడు నిమ్మరసము హితమే. ఇవి బాధను తగ్గించును. రక్తములోని వైరసును మాత్రము తగ్గింపజాలవు.

రెంటిని కలిపి పుచ్చుకొన్న నేమి యని యడుగుదురేమో. మ్రింగిన మందును కాలేయము క్రమముగా విరిచివేయును. కొన్ని మూలిక లాపనిని త్వరపెట్టును, కొన్ని మందగింపజేయును. ఆరోగ్యవంతులకు మూడువారములు వెల్లుల్లి గుళికలిచ్చి పరీక్షింపగా, సాక్వినావిర్ అను మందు రక్తమున ఇంచుమించు సగమునకు పడిపోయినట్లు 2002లో ప్రకటించిరి. మందు చాలనపుడు వైరసు దానికి లొంగని నేర్పు సంపాదించును. కూరలో వేయు నాలుగు రేకలకు జంకవలదు. గుళికలు, చూర్ణములు, కషాయములు వాడుటకు ముందు వైద్యునితో తప్పక చెప్పుడు. ఇనుము, సున్నము గల బలపుమాత్రలు గూడ కొన్ని మందులను ఒంటబట్టనీయవు. గర్భిణులు వాని వేళల నడిగి తెలిసికొనవలెను.

మన దేశమున 2004 నుండి ఈ మందులను ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు నూటికి 15 మొదలు 45 వరకు సోకు నవకాశము గలదు. చికిత్సచే అది 5కు లోబడును. వ్యాధిగ్రస్తులను ఉద్యోగమునుండియు, చదువునుండియు అన్యాయముగా త్రోసివేయరాదని 2017 నాటి చట్టము శాసించుచున్నది.

అయినను సిగ్గుచేతనో, అత్తవారి భయముచేతనో ఆసుపత్రికి బోక, గుట్టుగా చూర్ణములు తెప్పించుకొను నిల్లాండ్రు గలరు. గుట్టు కోరుటలో తప్పులేదు. చట్టము దానిని గూడ కాపాడుచున్నది. కాని “మీ బిళ్ళలు మాని మా మందు వాడు”డని పలుకువాని నెంతటి ఆప్తుడైనను నమ్మకుడు. మీ యింట నట్టి యభాగిని యున్నచో, ఆమెకు అల్లపుకషాయము ప్రేమతో కాచి యిండు. వేళకు మందుబిళ్ళను గూడ ఆ చేతితోనే యందిండు.