పదవి అప్పగించడమూ సంఘసేవే

శ్రీకాళహస్తి పరిసర గ్రామాలలో సంఘాలకు కొదవ లేదు. భజన సమాజం, నాటక సమాజం, యువజన సంఘం, పఠన మందిరం, కబడ్డీ జట్టు - ఏదో ఒకటి లేని ఊరు అరుదు. వీటిని ఎవరూ లాభాపేక్షతో స్థాపించలేదు. నలుగురు కూడి, తమకు ఇష్టమైన పనిని పదికాలాలపాటు సాగించాలన్న ఆసక్తితో ఏర్పరచుకొన్నవే ఇవి. కాగా వీటిలో అనేకం స్థాపకునితో పుట్టి స్థాపకునితోనే అంతరిస్తున్నాయి. హార్మోనియం ఒకరి ఇంటి అటక మీద ఉంటుంది. పుస్తకాల బీరువా తాళంచెవి మరొకరి మొలతాడుకు వేలాడుతుంది. బ్యాంకు ఖాతా ఏనాడో కాలం చేసిన కార్యదర్శి సంతకం మీదనే నిలిచిపోతుంది. సంఘం ఏమైందని అడిగితే, "ఆయన పోయినాక ఎవరూ పట్టించుకోలేదు" అన్న జవాబు వస్తుంది.

ఇందుకు నిధుల కొరతే కారణమని చెప్పడం పరిపాటి. అసలు కారణం వేరే ఉన్నది. నాయకుని ఎన్నుకోవడం గ్రామస్థులకు తెలుసు. పూలదండ వేసి కుర్చీలో కూర్చోబెట్టడమూ తెలుసు. ఆ కుర్చీలో నుంచి ఆయన గౌరవంగా దిగే దారి ఏదో మాత్రం ఎవరూ ఏర్పరచలేదు. పర్యవసానంగా రెండే మార్గాలు మిగులుతున్నాయి. ఒకటి, కక్షలు పెరిగి పోట్లాడి దింపడం. రెండవది, ఆయన కన్నుమూసేదాకా వేచి ఉండడం. రెండింటిలో ఏది జరిగినా నష్టపోయేది సంఘమే.

ఈ సందర్భంలో రైల్వేవారి పాత పద్ధతి ఒకటి గమనింపదగినది. ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా టోకెన్ పద్ధతి ఉండేది. డ్రైవరు చేతికి టోకెన్ అందితేనే బండి కదలాలి. తరువాతి స్టేషన్‌లో దానిని అప్పగించి, అక్కడి యంత్రంలో వేసేదాకా ఆ లైను మీదకు మరో బండిని వదలడానికి వీలుండదు. టోకెన్‌ను తన వద్దనే ఉంచుకొన్న డ్రైవరు ఎంత నేర్పరి అయినా, వెనుక రావలసిన బండ్లన్నింటినీ నిలిపివేసినవాడే అవుతాడు. ఇరవై ఏండ్లు ఒకే వ్యక్తి అధ్యక్షుడుగా ఉన్న సంఘంలో జరుగుతున్నది ఇదే. ఆయన మంచివాడే కావచ్చు, కష్టజీవే కావచ్చు. కాని ఆయన వెనుక నిలబడిన యువకులు వేచి చూచి, విసిగి, చివరికి సంఘం వైపు రావడమే మానుకొంటారు.

రైళ్ల ప్రస్తావన వచ్చింది గనుక మరొక సంగతి. రైళ్ల మీద మక్కువతో చిన్న చిన్న ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు స్వయంగా తయారుచేసి నడిపే అభిరుచి గలవారు విదేశాలలో సంఘాలుగా ఏర్పడినారు. మన దేశంలోనూ ఇట్టి అభిరుచి ఫలితంగానే పూణెలో జోషివారి సూక్ష్మ రైళ్ల ప్రదర్శనశాల 1998లో వెలసింది. లండనులో 'మోడల్ రైల్వే క్లబ్' 1910లో స్థాపితమైంది. దానిని స్థాపించినవారిలో నేడు ఒక్కరూ లేరు. క్లబ్బు మాత్రం నూరేళ్లు దాటి నిలిచింది. అమెరికాలోని ఇట్టివారు 1935లో జాతీయ సంఘంగా ఏర్పడి, ముఖ్యంగా కొలతలు నిర్ణయించే పనికి పూనుకొన్నారు. పట్టాల మధ్య ఎడం ఎంత, చక్రం కొలత ఎంత అన్నది రాసి పెట్టుకొన్నారు. ఆ కొలతలు పాటిస్తే ఒకరు చేసిన పెట్టె మరొకరి పట్టాల మీద నడుస్తుంది. చేసినవాడు దగ్గర లేకున్నా నడుస్తుంది. బొమ్మ రైళ్లకే ఇంత కట్టుబాటు అవసరమైనప్పుడు, ఊరివారి చందాలతో నడిచే సంఘానికి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. నాయకుని తలలో ఉన్నదంతా కాగితం మీదకు వచ్చిననాడే ఆయన దిగిపోయినా సంఘం నడుస్తుంది.

మన ప్రాంత ప్రజలకు భారతం కొత్త కాదు. ధర్మరాజుల తిరునాళ్లలో పగలు హరికథ, రాత్రి నాటకం పద్దెనిమిది రోజులు చూచినవారే. పాండవులు రాజ్యం గెలిచిన ఘట్టం అందరికీ నోటికి వచ్చు. ధర్మరాజు ఆ రాజ్యాన్ని విడిచిపెట్టిన తీరును మాత్రం అంతగా పట్టించుకోరు. ముప్పై ఆరేండ్లు ఏలిన తరువాత ఆయన పరీక్షిత్తుకు పట్టం కట్టినాడు. కుర్రవానిని ఒంటరిగా వదిలిపెట్టక, రాజ్యభారం చూడడానికి యుయుత్సుని, విద్య నేర్పడానికి కృపాచార్యుని నియమించినాడు. ఆ తరువాతనే ఉత్తర దిక్కుగా నడిచినాడు. వారసుడు, బాధ్యత చూచేవాడు, నేర్పేవాడు - ఈ ముగ్గురినీ ఏర్పాటు చేసిన తరువాత దిగడమే అసలైన దిగడం. కోపంతో రాజీనామా కాగితం విసిరి పోవడం దానికి సాటి రాదు.

శ్రీకాళహస్తి కలంకారీ చరిత్ర కూడా ఇదే పాఠం చెబుతున్నది. ఇరవయ్యవ శతాబ్ది మధ్యనాటికి ఈ విద్య కొద్దిమంది చేతులలో మిగిలి క్షీణించింది. కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి చొరవతో 1950 దశకం చివర ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఏర్పడింది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపే విధం, ఇనుప ముక్కలు బెల్లం నీటిలో ఊరబెట్టి నల్లరంగు తీసే విధం బయటి పిల్లలకూ నేర్పారు. తండ్రి లక్ష్మయ్య వద్ద నేర్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. రంగు కలిపే గుట్టు ఎవరికీ చెప్పమని నాటి పెద్దలు భీష్మించుకొని ఉంటే, నేడు ఈ పట్టణంలో కలం పట్టే చేతులు ఇన్ని ఉండేవి కావు.

పదవి దిగడమంటే తప్పు ఒప్పుకోవడమేనన్న అపోహ ప్రజలలో బలంగా ఉన్నది. 1956 నవంబరులో అరియలూరు రైలు ప్రమాదానికి నైతిక బాధ్యత వహించి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేసిన ఉదంతం వంటివి మనసులో నాటుకొని ఉండడం ఇందుకొక కారణం కావచ్చు. అది మహనీయమైన పనే. కాని ప్రమాదం జరిగితేనే దిగాలన్న నియమం ఏదీ లేదు. సక్రమంగా పనిచేసి, గడువు తీరి, లెక్క అప్పగించి దిగడం మరింత సహజం. ఉత్తర అమెరికాలోని తెలుగువారు 1977లో స్థాపించుకొన్న 'తానా'లో అధ్యక్షుడు రెండేళ్లకు మారతాడు. తదుపరి అధ్యక్షుడు ముందుగా ఉపాధ్యక్ష హోదాలో ఉండి పని నేర్చుకొంటాడు. దిగినవానిని ఎవరూ దోషిగా చూడరు. క్రికెట్ బోర్డు వంటి ధనిక సంస్థకు సైతం 2016లో సుప్రీంకోర్టు 70 ఏండ్ల వయోపరిమితిని, పదవుల మధ్య విరామాన్ని విధించింది. విరామ నియమాన్ని 2018లో, 2022లో కొంత సడలించినా, గడువన్న సూత్రం నిలిచే ఉన్నది.

"నేను దిగితే సంఘం రెండు ముక్కలవుతుంది" అని పెద్దలు భయపడడంలో కొంత నిజం లేకపోలేదు. పార్టీలు, కులాలు అన్నింటా చొరబడే రోజులలో అందరికీ కావలసిన పెద్దమనిషి ఒకడు ఉండడం అదృష్టమే. అయితే ఆయన కళ్లెదుట జరిగే మార్పును ఆయన మాటతో సర్దవచ్చు. ఆయన పోయిన తరువాత జరిగే మార్పును సర్దేవారెవరు? కనుక చీలిక భయమే త్వరగా దిగడానికి కారణం కావాలి గాని, దిగకపోవడానికి సాకు కారాదు.

నేరమంతా నాయకులదేనని అనడమూ న్యాయం కాదు. "మీరే ఉండండి సార్" అని ప్రతి ఏటా చేతులెత్తేవారు చాలా సందర్భాలలో గౌరవంతో కాదు, బద్ధకంతో ఎత్తుతున్నారు. చందా వసూలుకు తిరగడం, మైకు సెట్టు మాట్లాడడం, పోలీసు అనుమతి తేవడం తమ నెత్తిన పడుతుందన్న జంకు వారిది. ఒంట్లో సత్తువ తగ్గిన మనిషి చేత పని చేయించుకొని, చివరకు లెక్క తేలలేదని రచ్చబండ దగ్గర గుసగుసలాడడం ఊరికి శోభ కాదు.

చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. పదవికి రెండేళ్లో మూడేళ్లో గడువు నిర్ణయించి, మినిట్సు పుస్తకంలో తీర్మానం రాయాలి. గడువుకు ఏడాది ముందే తరువాతి వ్యక్తిని పక్కన పెట్టుకొని పని చూపించాలి. దిగేనాడు సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివి వినిపించాలి. రసీదు పుస్తకాలు, సామాను జాబితా, తాళంచెవులు అందరి ఎదుట అప్పగించి ఇద్దరూ సంతకాలు చేయాలి. బ్యాంకు ఖాతాలో సంతకాలు వెంటనే మార్పించాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం రిజిస్టరైన సంఘాలు వార్షిక సమావేశం తరువాత కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయవలసి ఉన్నది. ఆ చట్టం కింద సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురు కావాలన్న చోట ఒక్కరి మీదే భారమంతా వేయడం చట్టం ఉద్దేశానికే విరుద్ధం.

దిగిన పెద్దలు సభ్యులుగా కొనసాగడం మంచిది. అడిగితే సలహా చెప్పాలి. అడగనిదే ప్రతి పనిలో తప్పు వెదకడం, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం తగదు. కొత్తవారు పొరపాట్లు చేస్తారు. ఆయన తొలినాళ్లలో చేసినవీ పొరపాట్లే. అట్లే ఊరివారు, పదవి లేదు గదా అని ఆయనను పలకరించడం మానరాదు. మొదటి వరుసలో ఆయనకు ఒక కుర్చీ వేయడానికి ఖర్చేమీ కాదు. దిగినవారికి మర్యాద దక్కుతుందన్న నమ్మకం కలిగితే దిగడానికి ఇంకెందరో ముందుకు వస్తారు.

ఈ ఏటి సర్వసభ్య సమావేశాలలోనైనా ఊరూరా సంఘాలవారు ఈ విషయాన్ని చర్చకు పెట్టడం శ్రేయస్కరం. అటక మీద ఉన్న హార్మోనియాన్ని దించి, వాయించగల కుర్రవాని చేతికి ఇచ్చే ధైర్యం పెద్దలకు కలగాలి.