పడవ బల్లకు బరువే బలమా?

బాలలూ! సూర్యలంక తీరాన ఇసుక మీదికి లాగిపెట్టిన ఫైబర్ పడవలను చూశారా? గాజునారను రెసిన్ అనే జిగురుతో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరచి వీటిని చేస్తారు. ఇలా రెండు పదార్థాలు చేరి ఒకటిగా పనిచేస్తే దాన్ని సంయుక్త పదార్థం అంటారు. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టిన మన పెద్దలకు ఈ కిటుకు కొత్తదేమీ కాదు!

ఇలాంటి చిన్న పడవలో జాలరి నిలబడే పైబల్ల, అంటే డెక్కు, ఎలా ఉండాలి? "ఎంత బరువైతే అంత గట్టి" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. పైన బరువు పెరిగితే పడవ అలకు ఎక్కువగా ఒరుగుతుంది. ఇంధనం ఎక్కువ కాలుతుంది. ఒడ్డుకు లాగేవారి రెక్కలు ముక్కలవుతాయి.

మరి బలం ఎక్కడుంది? బల్ల మీద నిలబడితే అది కొంచెం వంగుతుంది. అప్పుడు పైపొర నొక్కుకుంటుంది, అడుగుపొర సాగుతుంది. నడిమి భాగానికి ఈ శ్రమ చాలా తక్కువ. కాబట్టి గట్టి పొరలను పైనా కిందా ఉంచి, మధ్యలో తేలికైన నురుగు పలక పెడితే చాలు. మన పుర్రె ఎముక చూడండి: రెండు గట్టి పొరలు, నడుమ స్పంజిలాంటి ఎముక! 1940లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ యుద్ధవిమానం 'మస్కిటో' ఒళ్లు కూడా పలుచని ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి చేసిందే.

నా మాట నమ్మవద్దు, చేసి చూడండి. 50 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం గల థెర్మోకోల్ ముక్కలు మూడు తీసుకోండి. మొదటిది ఒట్టిదే. రెండోదానికి పైనా కిందా అట్టముక్కలు ఊరికే ఆనించండి. మూడోదానికి అవే అట్టలను చెక్క జిగురుతో అంటించి ఒకరోజు ఆరనివ్వండి. ఒక్కొక్కదాన్నీ రెండు పుస్తకాల దొంతరల మీద ఉంచి, నడిమధ్య అర లీటరు నీళ్ల డబ్బా పెట్టి, ఎంత వంగిందో స్కేలుతో కొలవండి. మూడోది అన్నిటికంటే తక్కువ వంగుతుంది. రెండోదానిలోనూ మూడోదానిలోనూ సరుకు ఒకటే కదా! తేడా అంతా అతుకులోనే ఉంది.

ఆ అతుకే బల్లకు ప్రాణం. బోల్టు కన్నంలోంచి ఉప్పునీరు లోపలికి దిగితే పొరలు విడిపోతాయి. నడుమ ఉన్నది చెక్కయితే కుళ్లిపోతుంది. పైకి నిగనిగలాడే బల్లే నడిసముద్రంలో కాలికింద కుంగవచ్చు. అందుకే బోల్టు వచ్చేచోట గట్టిచెక్క ముక్క పొదగాలి, కన్నం అంచులను రెసిన్‌తో మూసెయ్యాలి. ఇంకొక జాగ్రత్త: పాలియెస్టర్ రెసిన్ థెర్మోకోల్‌ను కరిగించేస్తుంది. దానికి పాలియురెథేన్ నురుగు వాడాలి. రెసిన్ ఆవిరి, గాజునార ధూళి ఒంటికి హానిచేస్తాయి గనుక మీరు మాత్రం వాటి జోలికి పోకండి.

తీరప్రాంతపు ప్రతి బడిలోనూ ఈ ప్రయోగం చేయించాలని నా అభిప్రాయం. "పడవలు కార్ఖానాలో తయారై వస్తాయి, పిల్లలకెందుకు?" అంటారేమో! కొనడం కార్ఖానాతో అయిపోతుంది, కాపాడుకోవడం ఇంట్లోనే మొదలవుతుంది. రూపాయి బిళ్లతో బల్లను అక్కడక్కడా తట్టి చూడండి. ఒకేలా 'టక్' మని పలికే బల్ల ఒకచోట డొల్లగా మోగితే, అక్కడ పొర విడిందేమోనని అనుమానించాలి. ఆ సంగతి తెలిసిన పిల్ల వేటకు బయలుదేరే నాన్నను ఆపి, "ఇది బాగుచేయించాకే వెళ్లు నాన్నా!" అనగలదు. పరీక్షలో వచ్చే మార్కులకన్నా ఆ ఒక్క మాట విలువైనది కాదూ?