చప్పట్లకు ఖర్చేముంది?

"పైసలు కట్టి మరీ ఉరుకుడేందే? ఉరికిస్తే వాళ్ళే మనకియ్యాలె గదా!" అంది మా అత్తమ్మ. హైదరాబాదులో ఉండే మా యారాలు 21 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చానని ఫోన్లో చెప్పినప్పటి మాట ఇది. నేనూ లోలోపల నవ్వుకున్నాను. ఇద్దరు పిల్లల తల్లి. పొద్దున్నే లేచి నాలుగు టిఫిన్ డబ్బాలు సర్ది ఆఫీసుకు పరుగెత్తేది చాలక, ఆదివారం కూడా పరుగేనా అనుకున్నాను.

"అక్కా, నువ్వొచ్చి రోడ్డు పక్కన నిలబడితే చాలు. మనోళ్ళు ఒక్కరన్నా కనబడాలె" అని ఆమె అడిగేసరికి కాదనలేక వనపర్తిలో బస్సెక్కాను. అది 2024 ఆగస్టు. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆ నెలలోనే జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. పూర్తి మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన దూరమే తర్వాత అందరికీ కొలత అయింది. అంకెల్లో చెబితే నాకు తెలియలేదు గానీ, వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా వెళ్ళి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగి గద్వాలలోని మా పుట్టింటికి చేరేసరికి బస్సులో కూర్చున్నదానికే నడుం పట్టేస్తుంది. అలాంటి దూరాన్ని కాళ్ళతో కొలవడమన్నమాట!

స్టేడియానికి కాస్త ఇవతల నేనూ, మా యారాలి పిల్లలూ నిలబడ్డాం. పిల్లలు ఇంట్లోంచి స్టీలు కంచం, గరిటె తెచ్చారు. నాకు సిగ్గేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు. కొందరు ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. నోరు విప్పినవాళ్ళు తక్కువ. పెళ్ళిలో పాట పాడమంటే గొంతు పెగలని నేను, నడిరోడ్డు మీద అరవడమా!

అంతలో నెరిసిన జుట్టుతో ఒకావిడ వచ్చింది. పరుగు కాదు, నడకా కాదు. ఒక కాలు ఈడుస్తోంది. ఛాతీ మీద నంబరు, దాని పక్కన పేరు. ఏమైందో తెలియదు, గరిటె లాక్కుని కంచం మీద కొడుతూ ఆవిడ పేరు పెట్టి పిలిచాను. "ఉరుకమ్మా, ఉరుకు!" ఆవిడ తలెత్తి చూసింది. చేతులు రెండూ జోడించింది. ఆ ఈడుస్తున్న కాలినే మళ్ళీ ఎత్తి వేసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో తెలియని మనిషి కోసం నేను అంతకు ముందు ఎప్పుడైనా గొంతెత్తానా?

మా యారాలు వచ్చేసరికి నా గొంతు బొంగురు పోయింది. "చివర్లో కూలబడదామనుకున్నా అక్కా. కంచం చప్పుడు వినబడ్డది. మన ఇంటి చప్పుడే అనిపించింది" అంది తర్వాత.

ఇంటికొచ్చాక ఈ పరుగుల చరిత్ర కొంత చదివాను. 1966లో అమెరికాలో బోస్టన్ మారథాన్‌కు రాబర్టా గిబ్ అనే అమ్మాయి దరఖాస్తు చేసుకుంటే, ఆడవాళ్ళ శరీరం అంత దూరం తట్టుకోలేదని నిర్వాహకులు తిప్పికొట్టారట. ఆమె మొదలయ్యే చోట పొదల్లో దాక్కుని, తల మీదికి ముసుగున్న చొక్కాతో మగవాళ్ళ మధ్య కలిసిపోయింది. పక్కన పరుగెత్తేవాళ్ళు గుర్తుపట్టి, నిన్నెవరూ ఆపకుండా మేం చూసుకుంటామన్నారు. సగం దారిలో వెల్లెస్లీ అనే మహిళా కళాశాల ఉంది. 1897లో జరిగిన మొదటి పోటీ నుంచీ అక్కడి విద్యార్థినులు రోడ్డు మీదికొచ్చి పరుగెత్తేవాళ్ళను ఉత్సాహపరుస్తున్నారు. ఒక ఆడపిల్ల వస్తోందని తెలిసి ఆ రోజు వాళ్ళు గొంతులు చించుకుని అరిచారట. మరుసటి ఏడు అదే పోటీలో కేథరిన్ స్విట్జర్ నంబరును నిర్వాహకుడొకాయన లాగేయబోయాడు. అయినా ఆమె ఆగలేదు. బోస్టన్‌లో ఆడవాళ్ళకు అధికారికంగా ప్రవేశం దొరికింది 1972లో. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ మొదలైంది 1984లో. ఆ పోటీలోనే స్విట్జర్లాండ్‌కు చెందిన గాబ్రియేలా ఆండర్సన్ ఎండదెబ్బకు తూలిపోతూ స్టేడియంలో చివరి 400 మీటర్లకు దాదాపు ఆరు నిమిషాలు తీసుకుంది. వచ్చింది 37వ స్థానం. ఆమె గీత దాటేదాకా జనం చప్పట్లు ఆపలేదు.

ఇది చదువుతుంటే నాకు గుర్తొచ్చింది బోస్టన్ కాదు, మా ఇంటి డాబా.

నాగర్‌కర్నూల్‌లో ఉండే మా ఆడబిడ్డ కూతురు మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది. 2022లో పోలీసు ఉద్యోగాలు పడ్డప్పుడు కానిస్టేబుల్‌కు పెట్టింది. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. "అత్తమ్మా, పొద్దుగాల గ్రౌండుకు తోడొస్తవా?" అని అడిగింది. "నేనొస్తే వంటెవరు చేస్తరే?" అన్నాను. ఒక్కతే వెళ్ళింది. పది రోజులకు మానేసింది. గోడ మీద కూర్చుని ఈలలు వేసేవాళ్ళు, ఫోన్లు పైకెత్తేవాళ్ళు. ఆ పిల్ల ఈ మాట అప్పుడు చెప్పలేదు, నేనూ అడగలేదు. డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికేది. ఆ అడుగుల చప్పుడు కింద వంటింట్లో వినబడితే, "స్లాబు కూలగొడ్తవా ఏందే!" అని నేనే నవ్వాను. డిసెంబరులో మహబూబ్‌నగర్‌లో జరిగిన పరుగులో ఏడు సెకన్ల తేడాతో పోయింది.

ఏడు సెకన్లు! గ్రౌండు వేరు, డాబా వేరు. నేను తోడుంటే ఆ ఏడు సెకన్లు వచ్చేవని చెప్పలేను. కానీ నేను వెళ్ళలేదన్నది మాత్రం నిజం. అలాంటిదాన్ని పేరు కూడా తెలియనివాళ్ళ కోసం హైదరాబాదులో కంచం కొట్టాను!

"చప్పట్లతో ఉద్యోగాలొస్తాయా? గ్రౌండులో లైట్లు, బాత్రూములు, మంచి బూట్లు కావాలి గానీ" అనేవాళ్ళుంటారు. నిజమే, అవన్నీ కావాలి, అడగాలి కూడా. అయితే అడిగేవాళ్ళు గ్రౌండు ముఖం చూడకపోతే ఎలా? "మేం పొద్దున్నుంచి రాత్రి దాకా పరుగెత్తుతూనే ఉన్నాం, మాకెవరు కొట్టారు చప్పట్లు?" అని ఇంకో అక్క అనవచ్చు. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. మనకు దొరకలేదు కాబట్టే ఇవ్వడం అలవాటు కాలేదేమో. మనకు తెలిసిన చూపు ఒకటే... ఎవరి కూతురు ఎటు పోతోంది, ఏం వేసుకుంది అని చూసే చూపు. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి చూపులో కూడా రెండు రకాలుంటాయి. ఒకటి వెనక్కి లాగేది, రెండోది ముందుకు నెట్టేది.

మన ఊళ్ళలో కూడా అప్పుడప్పుడు 2కే రన్‌లు జరుగుతుంటాయి. జెండా ఊపేటప్పుడు ఉన్న జనం చివరి పిల్ల వచ్చేసరికి ఉండరు. ఈసారి ఆ చివరి పిల్ల కోసం ఉందాం. అబద్ధం చెప్పి ఊరించవద్దు. కిలోమీటరు ఉంటే కిలోమీటరని చెబుదాం. దారికి అడ్డం పోకుండా, పేరు పెట్టి పిలుద్దాం.

అంతకన్నా ముఖ్యం, పొద్దున పూట గ్రౌండు. హైదరాబాదు నుంచి వచ్చిన వారానికే నేను పక్కింటి అక్కను తోడు తీసుకుని మా కోడలిపిల్లతో వెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పుడు నలుగురం. ఫ్లాస్కులో చాయ్, చేతిలో ఫోన్... అందులోని గడియారం కోసమే. మేం ఎవరినీ తిట్టలేదు, తరమలేదు. గోడ దగ్గర చున్నీలు, చీర కొంగులు వరసగా కనబడేసరికి గోడ మీద కూర్చునేవాళ్ళు మెల్లగా తగ్గారు. డాబాల మీద ఉరికే పిల్లలు ఇంకెందరున్నారో, ఒక్కొక్కరే వస్తున్నారు. వంట అరగంట ఆలస్యమవుతోంది. కొంపేం మునగలేదు. మా అత్తమ్మ ఉల్లిగడ్డలు తరిగి పెడుతోంది.

మా పిల్లకు మళ్ళీ ఉద్యోగాలు ఎప్పుడు పడతాయో, పడ్డా వస్తుందో రాదో నాకు తెలియదు. మొన్న 800 మీటర్లు అయ్యాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ, "ఎంతయిందత్తమ్మా?" అంది. 5 నిమిషాల 11 సెకన్లు. నేను చెప్పేలోపే పక్కింటక్క చప్పట్లు మొదలుపెట్టింది.

మీ ఊళ్ళో గ్రౌండు ఎంత దూరం? రేపు పొద్దున ఒకసారి వెళ్ళి చూడరాదూ!