ఒకే కుటుంబం, రెండు రిజిస్టర్లు: జనగణన ముందు మన చర్చిలు ఏం చేయాలి?

ఉత్తరాంధ్రలో చాలా చర్చిల గోడకు ఏడాది కార్యక్రమాల పట్టిక ఒకటి వేలాడుతూ ఉంటుంది. శ్రమల దినాలు, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే ఏడు మాటల ధ్యానం, తెల్లవారుజామున సమాధుల తోటలో ఈస్టర్ ప్రార్థన, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు బైబిల్ బడి, పంటలొచ్చాక కోత పండుగ, డిసెంబరులో ఇంటింటికీ క్యారల్స్. వారం వారం స్త్రీల కూటం, యువజన కూటం, కుటుంబ ప్రార్థనలు సరేసరి. కొత్తవలస లాంటి చోట ఈ పట్టిక దళిత పేటల సామూహిక జీవితానికి వెన్నెముక. కూలికి పోయే ఆడవాళ్ళు అన్నం వండే ముందు పక్కన తీసిపెట్టే గుప్పెడు బియ్యం మీద, కోత పండుగలో గుమ్మడికాయకూ కోడిపుంజుకూ పాడే వేలం మీద ఎన్నో చిన్న సంఘాలు నడుస్తున్నాయి.

ఆ పట్టికలో లేని ఒక తేదీ గురించి మేము మాట్లాడదలచుకున్నాము. అది 2027 ఫిబ్రవరి. దేశంలో చాలా చోట్ల జనాభా లెక్కల రెండో దశ ఆ నెలలో జరగాలి. స్వతంత్ర భారతంలో మొదటిసారి అన్ని కులాలనూ లెక్కించబోతున్నది అప్పుడే. ఎన్యూమరేటర్ గడపలో నిలబడి మతం ఏమిటి, కులం ఏమిటి అని అడిగినప్పుడు క్రైస్తవ దళిత కుటుంబం ఏం చెబుతుంది? ఈ ప్రశ్న మీద మన చర్చిల్లో బహిరంగంగా మాట్లాడుకోవడం చాలా అరుదు. ఆ మౌనానికి కారణం ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా ఎవరినీ నిందించలేము.

కొత్తవలస ఊరి పేరులోనే వలస ఉంది. కిరండూల్ వైపు వెళ్ళే ఇనుప ఖనిజం రైలు మార్గం ఇక్కడే మొదలవుతుంది. విజయనగరం జిల్లాలో ఉన్నా ఊరి చూపు విశాఖ వైపే. ఇక్కడి క్రైస్తవానికీ రెండు దిక్కుల చరిత్ర ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చి సువార్తల తెలుగు అనువాదం మొదలుపెట్టారు. తరవాత బొబ్బిలి, శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బిషప్పుల పాలన దాని పద్ధతి అయింది. బాప్టిస్టులు అందులో చేరలేదు. ఇప్పుడు వీటి పక్కనే కతోలిక విచారణలు, ఏ సంస్థకూ చెందని స్వతంత్ర ప్రార్థనా మందిరాలు కూడా ఉన్నాయి. సంఘం ఏదైనా, ఈ బల్లల మీద కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ, రెల్లి పేటల నుంచి వచ్చినవాళ్ళే.

బిషప్పుల పాలనలో ఉన్న సంఘాలకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ ప్రతిదీ రాస్తారు. పసిబిడ్డ బాప్తిస్మం, కన్ఫర్మేషన్, పెళ్లి, సమాధి, ఒక్కోదానికి ఒక్కో రిజిస్టరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి నమోదు ప్రతి ప్రభుత్వ రిజిస్ట్రారుకు కూడా చేరాలి. అంటే ఒక కుటుంబం మూడు నాలుగు తరాలుగా చర్చి పుస్తకంలో క్రైస్తవ కుటుంబం. అదే కుటుంబం తహసీల్దారు కార్యాలయం పుస్తకంలో చాలాసార్లు హిందూ మాల, హిందూ మాదిగ, హిందూ రెల్లి. ఇంట్లో ఒక పేరు, బడిలో ఇంకో పేరు ఉన్న పిల్లలు మన పేటల్లో కొత్త కాదు.

దీన్ని మోసం అనేవాళ్ళు ఉన్నారు. మేము అలా అనం. ఈ రెండు పుస్తకాల బతుకును తయారుచేసింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందూ మతం కాక వేరే మతం పాటించేవారు షెడ్యూల్డ్ కులాల సభ్యులు కారని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ, ముస్లిం దళితులకు ఇప్పటికీ మూసే ఉంది. ఊరి చివర ఇల్లు మారలేదు, చేసే పని మారలేదు, పిలిచే పిలుపు మారలేదు. ఆదివారం ఎక్కడ మోకరిల్లారన్న ఒక్క విషయం మీద హక్కు పోతుంది.

లెక్కల్లో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం. 2011 నాటికి 1.34 శాతం. ఆ నలభై ఏళ్ళలో పల్లెల్లో చర్చిలు తగ్గాయా పెరిగాయా అన్నది చదివేవారికి తెలుసు. అదే కాలంలో షెడ్యూల్డ్ కులాల వాటా పెరిగి 2011లో 16.4 శాతానికి చేరింది. మతం గడిలో క్రైస్తవం అని పడితే షెడ్యూల్డ్ కులం గడిలో పేరు పడదు. 2011 దాకా జనగణన నియమం ఇదే. ప్రజలు విశ్వాసాన్ని వదల్లేదు, కాగితం మీద వదిలారు. ఆ మేరకు క్రైస్తవ దళితులు అనే సమూహమే దేశం లెక్కల్లో మాయమైంది. లెక్కలో లేని వాళ్ళ బాధ గురించి ఏ ప్రభుత్వమూ లెక్క చెప్పనక్కర్లేదు కదా!

ఇది కేవలం ఉద్యోగం, సీటు సమస్య అనుకుంటే పొరపాటు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు దాన్ని స్పష్టం చేసింది. తనను కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కోర్టు కొట్టేసింది. పదేళ్ళుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి క్రైస్తవం స్వీకరించిన నాడే షెడ్యూల్డ్ కుల హోదా కోల్పోయాడని, చేతిలో ఉన్న కుల ధ్రువపత్రం ఆ స్థితిని మార్చదని చెప్పింది. తిట్టినవాళ్ళకు అతని కులం గుర్తుంది. చట్టానికి గుర్తులేదు. ఐదుగురు దళితులను పొట్టన పెట్టుకున్న 2012 జూన్ 12 నాటి లక్ష్మీపేట మనకు ఎంతో దూరంలో లేదు. అలాంటి చోట అట్రాసిటీ చట్టం రక్షణ ఉందా లేదా అన్నది చావుబతుకుల విషయం.

రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డ్ కులాల వారికి బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. 1977 నాటి 341వ నంబరు జీవో వారికి కొన్ని ఆర్థిక రాయితీలు ఇచ్చింది. బీసీ-సి కాగితంతో అట్రాసిటీ చట్టం రాదు, పంచాయతీలో ఎస్సీ రిజర్వుడు సీటూ రాదు. 2025లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణ చేసి రెల్లి, దాని ఉపకులాలకు ఒక శాతం కేటాయించింది. తరతరాలుగా పాకీ పనిలో నలిగిన రెల్లి కుటుంబం ఎన్నో ఏళ్ళకు దక్కిన ఆ వాటా అందుకోవాలంటే, చర్చి రిజిస్టరులో తన పేరు ఎవరి కంటా పడకూడదని కోరుకోవాల్సిందే.

మరి బయటపడే దారి ఏది? 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు అన్న మాట ఇక్కడ కీలకం. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై, తోటి హిందూ దళితులకు ఇచ్చిన ఉచిత బంకు తనకు క్రైస్తవుడన్న కారణంతో ఇవ్వలేదని కోర్టుకెళ్ళాడు. మతం మారాక కూడా కులం వల్ల వచ్చే అణచివేత అంతే తీవ్రంగా కొనసాగుతోందని చూపించే ఆధారాలు లేవని కోర్టు ఆయన పిటిషన్‌ను తోసిపుచ్చింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తెంచమని సిఫారసు చేసింది. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. 2022 అక్టోబరులో ఇదే అంశం మీద కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి, గడువు పొడిగిస్తూ వచ్చింది. ప్రతిసారీ ప్రశ్న తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది: ఆధారాలేవి?

ఆధారాలు మన చర్చిల్లోనే ఉన్నాయి. ఎవరి సమాధుల తోట ఊరికి ఎంత దూరం, శవం ఏ దారిన పోవాలి, ఏ దారిన పోకూడదు, పెళ్లిళ్లు ఏ కులానికి ఏ కులంతో జరిగాయి, బాప్తిస్మం పుస్తకంలో తండ్రి వృత్తి గడిలో మూడు తరాలుగా ఏం రాసి ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అయితే ఇక్కడే ఉంది చిక్కు. వివక్షను రుజువు చేసే పుస్తకమే బాప్తిస్మాన్నీ రుజువు చేస్తుంది. అది ఎవరి చేతిలోనైనా పడితే ఒక అమ్మాయి చదువు, ఒక పంచాయతీ సభ్యుడి పదవి, ఒక పారిశుధ్య కార్మికుడి ఉద్యోగం పోవచ్చు. మన సంఘాల మౌనం పిరికితనం కాదు, ప్రాణరక్షణ. కానీ ఆ మౌనం ఇలాగే సాగితే 2027 తరవాత ఇంకో పదేళ్ళు కూడా ఆధారాలు లేవనే మాటే వినాల్సి వస్తుంది.

అందుకే మేము కోరేది పేర్లు బయటపెట్టమని కాదు. ఎవరు ఏ గడిలో ఏం రాయించుకోవాలో చెప్పే అధికారం పాస్టరుకూ లేదు, సంఘాలకూ లేదు, మాకూ లేదు. అది ఆ కుటుంబం నిర్ణయం. పేర్లు లేని లెక్కలు తీయమంటున్నాము. ఎన్ని కుటుంబాలకు సొంత శ్మశానం లేదు, ఎంతమందికి అద్దె ఇల్లు నిరాకరించారు, ఎంతమంది పారిశుధ్య పనిలో ఉన్నారు, ఎన్ని అట్రాసిటీ ఫిర్యాదులు మతం పేరుతో ఆగిపోయాయి. సెలవుల బైబిల్ బడికి వచ్చే కాలేజీ పిల్లలు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివే మన విద్యార్థులు ఈ పని చేయగలరు. రిజిస్టరు చర్చి గడప దాటనక్కర్లేదు. అంకెలు దాటితే చాలు.

ఆ పట్టికలో కొన్ని తేదీలు చేర్చుకుందాం. ఆగస్టు 10ని క్రైస్తవ దళితులు నల్ల దినంగా పాటిస్తున్నారు. నవంబరు రెండో ఆదివారం కతోలిక, ప్రొటెస్టెంటు జాతీయ సంస్థలు రెండూ పిలుపునిచ్చిన దళిత విమోచన ఆదివారం. దాన్ని ఒక ప్రత్యేక ప్రార్థనతో సరిపెట్టకుండా, ఆ రోజు ప్రసంగం తరవాత ఒక వకీలును, ఒక కుల సంఘం కార్యకర్తను పిలిచి గంటసేపు మాట్లాడనిద్దాం. జనగణన ఫారంలో ఏ గడికి ఏ ఫలితమో వివరంగా చెప్పే కూటం ఫిబ్రవరికి ముందే స్త్రీల కూటంలో జరగాలి. ఎన్యూమరేటరు వచ్చే వేళకు ఇంట్లో ఉండేది, జవాబు చెప్పేది చాలాసార్లు ఆడవాళ్ళే.

ఇంకొక మాట కూడా అనక తప్పదు. బయటి సమాజాన్ని ఆధారాలతో నిలదీయాలంటే లోపలి పుస్తకాన్ని కూడా తెరవాలి. మాల చర్చి, మాదిగ చర్చి అని వేరుగా పిలుచుకునే ఊళ్ళు మనకున్నాయి. బిషప్ ఎన్నికలొస్తే కులం లెక్కలే నడుస్తాయి. కమిటీ బల్ల దగ్గర రెల్లి మనిషి ఎంత అరుదుగా కనిపిస్తాడో ఎవరి సంఘంలో వారు చూసుకోవచ్చు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్‌లో మాల, మాదిగ పల్లెల మధ్యే సంఘం కట్టారు. శతాబ్దం తరవాత కూడా ఆ ఇద్దరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టే పని మిగిలే ఉంది. ఆ విషయం కూడా మన లెక్కలో రాయాలి. దాచిపెడితే ఆ లెక్కను నమ్మేవారుండరు.

ఈ ఏడాది కోత పండుగకు ధాన్యంతో పాటు అంకెలు కూడా తెచ్చే సంఘం ఒక్కటి కొత్తవలస చుట్టుపక్కల ముందుకొచ్చినా, మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారు. విద్యార్థి మిత్రులారా, మీ పేట చర్చికి వెళ్ళండి. విశ్వాసం ఉన్నా లేకున్నా వెళ్ళండి. ఆ గోడ మీది పట్టికలో ఫిబ్రవరి నెల దగ్గర ఏం రాసి ఉందో చూడండి. ఖాళీగా ఉంటే పెద్దలతో కూర్చుని నింపండి.