మోత లేని షో కావాలి

"ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దంటే ఇంక షో ఎందుకండీ?" బండ్లను అభిరుచి కొద్దీ మార్పించుకునే మన కుర్రాళ్లలో ఎవరిని కదిపినా మొదట వచ్చే మాట ఇదే. దాని వెనకే మరికొన్ని వస్తాయి. నా ట్యాంకులో పెట్రోలు ఎంతుండాలో చెప్పడానికి షో నిర్వాహకులెవరు? బ్యాటరీ విప్పేస్తే లైట్లు ఎలా వెలుగుతాయి? ప్రైజులు ఇచ్చేశాక రాత్రి దాకా ఎవరు కూర్చుంటారు? హాల్లో పెట్టే కార్ల ప్రదర్శనకు నియమాలంటే అది డబ్బున్న నగరాల ముచ్చట అనీ, విజయనగరం దగ్గరి నెల్లిమర్ల లాంటి ఊళ్లో ఒక కల్యాణ మండపం మాట్లాడుకుని బండ్లు లోపలికి తోలేస్తే చాలనీ చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు, ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. నియమాలు ఎక్కువ కటువుగా ఉండాల్సింది చిన్న ఊళ్లోనే. పైగా ఆ నియమాల వల్లే మన షెడ్లలోని పనితనం జనం కంట పడుతుంది.

ముందు పెట్రోలు సంగతి. మండేది దాని ఆవిరి. ఆ ఆవిరి సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా అంటుకునేంతగా పుడుతుంది. మన ఏప్రిల్ ఎండలకు, రేకు కప్పు కింద, ఎంత పుడుతుందో వేరే చెప్పక్కర్లేదు. గాలి కంటే బరువు గనక పైకి లేచి చెదిరిపోదు. నేల వెంట పాకుతూ స్టేజీ కిందికీ, కార్పెట్ల సందుల్లోకీ, మురుగు కాలవలోకీ చేరుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు కలిసినా చాలు, వదులైన బ్యాటరీ తీగ నుంచి లేచే రవ్వకు అంటుకుంటుంది. మన మండపాల్లో ఏముంటాయి? ఒక పెద్ద ద్వారం, వంటశాల వైపు ఒక చిన్న తలుపు, గోడల నిండా గుడ్డ, థర్మోకోల్ డెకరేషన్, స్టేజీ వెనక జనరేటర్ నుంచి లాగిన వైర్లు. ఇలాంటి చోట పాతిక బండ్లు నిండు ట్యాంకులతో నిలిపి, వాటి మధ్యలోకి పిల్లాపాపలతో జనాన్ని పిలవడం ఏ అభిమానం కిందా చెల్లదు.

అమెరికాలో చాలాచోట్ల అమలయ్యే అగ్నిమాపక నియమావళి దీనికి లెక్క కట్టింది. భవనం లోపల నిలిపే బండిలో పావు ట్యాంకు, లేదా 19 లీటర్లు, ఏది తక్కువైతే అంతకు మించి ఉండకూడదు. ట్యాంకు మూతకు సీలు పడాలి. బ్యాటరీ తీగలు విప్పాలి. భవనం లోపల పెట్రోలు పొయ్యనూ కూడదు, తియ్యనూ కూడదు. మన చిన్న కార్ల 35 లీటర్ల ట్యాంకుకు లెక్కేస్తే తొమ్మిది లీటర్ల లోపే. ఈ మాట వినగానే పూర్తిగా ఖాళీ చేసేస్తే పోలేదా అని మండపం గేటు దగ్గర పైపు పెట్టి లాగేవాళ్లు ఉంటారు. అదీ ప్రమాదమే. ఖాళీ అయిందనుకున్న ట్యాంకు నిండా ఆవిరే ఉంటుంది, నేల మీద చిందిన పెట్రోలు చెప్పుల వెంట లోపలికి వస్తుంది. బయల్దేరే ముందే లెక్క చూసుకుని, వచ్చాక మూత ముట్టకుండా ఉండడమే పద్ధతి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ తీగ ముందు తియ్యాలని ప్రతి మెకానిక్కుకీ తెలుసు. పాజిటివ్ ముందు పట్టుకుంటే, స్పానర్ బాడీకి తగిలిందంటే రవ్వలు లేస్తాయి. షెడ్డులో రోజూ పాటించే జాగ్రత్త హాలు గుమ్మం దాటగానే అవమానంగా ఎందుకు తోచాలి?

ఇక మోత. షోకి వచ్చే మార్పిడి బండ్లలో పాత కార్బురేటర్ ఇంజిన్లే ఎక్కువ. వాటిలో చాలావాటికి పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఉండదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే కార్బన్ మోనాక్సైడ్ ధారాళంగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మత్తు, ఈ వరసలో లోబరుచుకుంటుంది. తల్లి చంకలో పిల్లకి తల తిరుగుతుంటే ఉక్కపోత అనుకుంటారు. మీ సైలెన్సర్ గొంతు వినిపించడానికి ఆ పిల్ల ఊపిరిని వాడుకునే హక్కు మీకెవరూ ఇవ్వలేదు. మోత వినిపించాలనే సరదా ఉంటే విజయనగరంలో అయోధ్య మైదానం లాంటి ఆరుబయలు ఉంది. అనుమతి తీసుకుని, ఒక గంట కేటాయించి, అక్కడ వినిపించండి. కప్పు కింద మాత్రం వద్దు.

ఇదంతా భయపెట్టడం అనేవాళ్లకు ఢిల్లీ ఉపహార్ సినిమా హాలును గుర్తు చెయ్యాలి. 1997 జూన్ 13న ఆ భవనం కింది అంతస్తులో ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. నూనె కారింది. పక్కనే పార్కింగులో ఉన్న కార్లు అంటుకున్నాయి. ఆ పొగ మెట్ల దారినా ఏసీ గొట్టాల్లోంచీ పైకెక్కి బాల్కనీని కమ్మేసింది. 59 మంది చనిపోయారు, వందకు పైగా గాయపడ్డారు. ప్రాణాలు తీసింది ఎక్కువగా పొగే. బాల్కనీలో అదనపు సీట్లు వేసి ఒక వైపు నడవ మూసేశారు గనక జనం బయటపడలేకపోయారు. నలుగురు ఎక్కువ పడతారని వేసిన ఆ సీట్లను తలుచుకున్నప్పుడల్లా, ప్రదర్శనల్లో గీత దాటి నడవలోకి జరిపిన స్టాండ్లు నాకు గుర్తొస్తాయి. బంపరు బాగా కనపడాలని బండిని అడుగు ముందుకు జరుపుతారు. పక్కవాడు చూసి అడుగున్నర జరుపుతాడు. సాయంత్రానికి ఇద్దరు పక్కపక్కన నడిచే దారి ఒకరు ఒత్తిగిలి పోవాల్సిన సందవుతుంది. నేల మీద సుద్దతో గీసిన గీత ఎవడి అహంకారం కోసమో గీసింది కాదు. దాన్ని దాటడం ఒక మర్యాదలేని పని అనుకుని సరిపెట్టుకోకూడదు. అది దారి మూసెయ్యడం.

ఇవన్నీ పరాయి దేశపు పద్ధతులు, మనకు నప్పవు అనే మాట నెల్లిమర్లలో నిలబడి అనడం మరీ అన్యాయం. ఈ ఊరి పేరు పదిమందికీ తెలిసిందే జూట్ మిల్లు వల్ల. నారను మెత్తబరచడానికి నూనె కలిపిన నీళ్లు చల్లుతారు, మరల దగ్గర సన్నటి నూగు గాలిలో తేలుతుంది, గోదాముల్లో గోగునార కట్టలు కప్పు దాకా ఉంటాయి. అలాంటి చోట అగ్గిపెట్టె, బీడీకట్ట బయటే వదిలి లోపలికెళ్లడం నార పని చేసినవాళ్లకు ఎవరూ పుస్తకం చదివి నేర్పలేదు. ఆ ఇళ్ల మనవలే ఇవాళ బుల్లెట్లు, జీపులు, ఆటోలు తీర్చిదిద్దుతున్నారు. కప్పు కింద పదిమంది చేరినప్పుడు నా ఇష్టం కంటే నిప్పు సంగతి ముందు అనే క్రమశిక్షణ ఈ మట్టిలో ఎప్పటి నుంచో ఉంది.

మోత లేకపోతే జనం రారు అనేది ఉత్త మాట. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర్లో, కె. సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం చూడండి. క్రికెట్ బ్యాటు, బర్గరు, సోఫా, వంకాయ, ఎత్తు మడమ చెప్పు ఆకారాల్లో చేతితో కట్టిన కార్లు అక్కడ వరసగా నిలబడి ఉంటాయి. ఆయన 2005లో కట్టిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్‌కి ఎక్కింది. అక్కడికి జనం టికెట్టు కొనుక్కుని వెళ్లేది నిలిచి ఉన్న బండ్లను చూడడానికే. అమెరికాలో డెట్రాయిట్ ఆటోరామా 1953 నుంచి జరుగుతోంది, హాలు లోపలే. అక్కడ 1964 నుంచి ఇస్తున్న రిడ్లర్ బహుమతికి పోటీ పడాలంటే ఆ బండి అంతకు ముందు ఎక్కడా ప్రదర్శనకు వచ్చి ఉండకూడదు. ఆ ఒక్క నియమం కోసం ఏళ్ల తరబడి బండిని నలుగురి కంటా పడకుండా దాచుకుంటారు. నియమం అభిమానాన్ని చంపుతుందంటే నేనెలా ఒప్పుకుంటాను?

బండి నిశ్శబ్దంగా నిలబడ్డప్పుడే పని కనిపిస్తుంది. డోరు అంచు పొడవునా సందు ఒకే వెడల్పున ఉందా, పుట్టీ పూసి పైపైన కప్పేశారా, రేకును సుత్తితో దారికి తెచ్చారా, వెల్డింగు గీత సాపుగా వచ్చిందా, పెయింటు మీద ట్యూబులైటు నీడ వంకర పోకుండా పడుతోందా, సీటు కుట్టు ఎక్కడైనా దారి తప్పిందా. రోడ్డు మీద పది సెకన్లలో దూసుకుపోయే బండిలో ఇవేవీ కనపడవు. ఇంజిన్ మోగుతుంటే కళ్లు ఎగ్జాస్టు వైపు పోతాయి, చేతులు ఫోను వైపు పోతాయి. అందుకే హాల్లో షో అంటే నాకింత పట్టు.

ఇక్కడే మన వైపు జరుగుతున్న పెద్ద అన్యాయం ఒకటి చెప్పాలి. బండి ముందు పెట్టే బోర్డు మీద ఓనరు పేరు ఉంటుంది, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంటుంది, ఖర్చు లక్షల్లో ఉంటుంది. టింకరింగ్ చేసినాయన పేరు ఉండదు. పెయింటరు పేరు ఉండదు. లేత్ మీద స్పేసరు తీసిచ్చినవాడు, కుషన్ కుట్టినవాడు, వైరింగ్ మొత్తం విప్పి మళ్లీ అల్లిన ఎలక్ట్రీషియను, వీళ్లెవరూ ఉండరు. విశాఖ ఆటోనగర్‌లోనో విజయనగరం సందు షెడ్డులోనో నెలల పాటు థిన్నరు వాసన పీల్చి, వేళ్లు కాల్చుకుని పని చేసింది వాళ్లు. "నేనే చేశాను" అని మైకులో చెప్పేది ఓనరు. ఇది అబద్ధం, పైగా కూలి కాజెయ్యడంతో సమానమైన అబద్ధం. ఎందుకంటే ఆ బోర్డు చదివిన మరొక బండి ఓనరు రేపు పని పట్టుకుని వెళ్లాల్సింది ఆ పెయింటరు దగ్గరికి. పేరు లేకపోతే పని లేదు. నా మటుకు నేను నిర్వాహకుణ్ణైతే మొదటి నియమంగా ఇదే రాస్తాను: మూలం ఏ కంపెనీ బండి, ఏ ఏడాదిది, ఏమేం మార్చారు, ఏ పని ఏ చెయ్యి చేసింది. ఇవి తెలుగులో, ఆరడుగుల దూరం నుంచి చదవగలిగేంత అక్షరాల్లో లేని బండిని తీర్పుకు తీసుకోకూడదు. పనివాళ్లకు టికెట్టు లేకుండా లోపలికి దారి ఉండాలి, తీర్పు వేళ వాళ్లు బండి పక్కన నిలబడాలి.

చట్టం మాట కూడా దాచకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ సంగతే ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. దీన్ని పట్టుకుని, ఎలాగూ చట్టవిరుద్ధమే గదా, ఇంక షోకి పద్ధతులేమిటి అనే వాదన ఒకటి బయల్దేరింది. నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను. రంగు మార్పులాంటి వాటికి ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకుని, కాగితాలు బండితో పాటు తెచ్చి చూపించేవాడు అభిరుచికి గౌరవం తెస్తాడు. రోడ్డుకి పనికిరాని బండిని లారీ మీద ఎక్కించి తెచ్చేవాడు కూడా అంతే. రాత్రి సైలెన్సరు తీసేసి ఊరంతా తిరిగి తెల్లారి హాలుకి వచ్చేవాడి వల్ల ఈ అభిరుచి మొత్తం పోలీసు కేసు కింద లెక్కకు వస్తోంది.

చిన్నవిగా కనపడేవి ఇంకొన్ని ఉన్నాయి. పక్కవాడి బండి మీద చెయ్యి వెయ్యకూడదు. ఉంగరం, బెల్టు బకిల్, భుజానికున్న సంచి జిప్పు, వీటిలో ఏది రాసుకున్నా నెల రోజుల పాలిష్ పోతుంది. బానెట్ తెరవాలంటే అడగాలి. హాల్లో స్ప్రేలు, థిన్నరు వాడకూడదు, పొడి గుడ్డతో తుడుచుకోవాలి. ఆయిలు కారే బండి కింద రేకు పళ్లెం పెట్టుకోవాలి. మండపం నేల రేపు పెళ్లివారిది. చూడవచ్చిన పిల్లాడు ఏదైనా అడిగితే విసుక్కోకుండా చెప్పాలి.

ముగింపు వేళకు ముందే బండి తీసుకుపోవడం మాత్రం చిన్నది కాదు. బహుమతి రాలేదని తెలియగానే నిర్వాహకులకు అప్పగించిన తాళం అడిగేవాళ్లు, జనం ఇంకా తిరుగుతుండగానే రివర్స్ గేరు వేసేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. మిల్లు షిఫ్టు దిగి, దుకాణం కట్టేసి, రాత్రి ఏడు దాటాక టికెట్టు కొన్నవాడికి సగం ఖాళీ హాలు చూపించడం మోసం. వెళ్లేటప్పుడు హాలు పూర్తిగా ఖాళీ అయ్యాకే, తలుపులన్నీ తెరిచి, ఒక్కొక్క బండినే, కుదిరితే చేత్తో తోసి బయట పెట్టాలి.

నియమాలు పేదవాణ్ణి బయట నిలబెట్టడానికి వాడతారనే అనుమానం మాత్రం నేను కొట్టిపారెయ్యను. అది న్యాయమైన అనుమానం. ఎంట్రీ ఫీజు కారుకీ ఆటోకీ ఒకటే పెడితే, ఆటోలకు ప్రత్యేక విభాగం లేకపోతే, నిబంధనల కాగితం ఇంగ్లీషులోనే ఇస్తే, ఆ షో ఈ ఊరిది కాదు. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. అందరి బ్యాటరీలూ విప్పించి, ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దాయన ముందు స్పాన్సర్ షోరూమ్ కారును మాత్రం స్టార్ట్ చేయించడం. ఒక్క బండికి సడలిస్తే మిగతావాళ్లను ఆపే నోరు నిర్వాహకుడికి ఉండదు. కాబట్టి తాళాలు తీసుకునే బల్ల మీద మొదట పడాల్సింది స్పాన్సర్ కారు తాళమే. ఇవ్వనంటే ఆ కారు గేటు బయటే ఉండాలి. ఆ డబ్బు వెనక్కి పోతే పది బండ్లు తగ్గించుకుని అయినా సరే, ఈ పద్ధతి మీదే షో జరపాలి.