క్లిప్పు కింద తుప్పు

మా నాన్న కొన్న మారుతి 800కి ఇరవై ఏళ్లు దాటాయి. 2014లో కంపెనీ ఆ బండి తయారీ ఆపేస్తే, "వాళ్లు ఆపారు గానీ మనం ఆపలేదుగా" అని నవ్వాడాయన. ఆయన పోయాక అది నా చేతికొచ్చింది. లాల్‌దర్వాజా గల్లీల్లో పెద్ద కారు తిరగదని, అందుకే దీన్ని అమ్మలేదని అందరికీ చెబుతుంటాను. అసలు కారణం మా ఇంట్లోవాళ్లకి తెలుసు.

కిందటి నెల అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకొస్తున్నా. ఫలక్‌నుమా దాటాక ముందు వెళ్తున్న ఆటో టక్కున ఆగింది. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. బండి ఆగట్లేదు. మళ్లీ మళ్లీ తొక్కి, గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగితే ఆటోకి జానెడు దూరంలో నిలబడింది.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదురా" అన్నాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బండిని శాలిబండలో మా పాత ఉస్తాద్ షెడ్డుకి లాగించాను. ఆయన కిందికి దూరి, టార్చి వేసి నన్నూ చూడమన్నాడు. వెనక చక్రాలకి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే సన్నటి ఉక్కు గొట్టం పైకి బాగానే కనిపించింది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు తీయగానే ఎండిన బురద రాలింది. దాని కింద అంతా తుప్పు పొక్కులే. వేలు పెడితే ఆయిల్ తడి.

"సాబ్, బండి ఎప్పుడన్న నీళ్లల్ల మునిగిందా?"

2020 అక్టోబర్ గుర్తొచ్చింది. ఆ వానలకి పాతబస్తీలో కాలనీలకు కాలనీలే మునిగాయి. మా బండి సీట్ల దాకా నీళ్లలో ఉండిపోయింది. తర్వాత సీట్లు మార్చాం, ఇంజిన్ బాగు చేయించాం, వాసన పోవడానికి సాంబ్రాణి కూడా వేశాం. క్లిప్పుల వెనక చేరిన బురదని మాత్రం ఎవరూ చూడలేదు. అది వాన పడ్డప్పుడల్లా తడిని పట్టుకుని ఇన్నేళ్లూ గొట్టాన్ని తింటూ కూర్చుంది.

నేనేమో డబ్బు లెక్కలో పడ్డాను. "పాడైన ముక్క కోసేసి, ఏసీకి వాడే రాగి గొట్టం అతికించరాదూ?" అన్నా.

"బిడ్డను ఎక్కించుకుంటవ్ గద సాబ్? ఆ మాట మళ్ల అడగకు" అన్నాడు.

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. గట్టిగా తొక్కితే ఆ గొట్టంలో ఒత్తిడి టైరులో గాలికి ముప్పై రెట్లు కూడా దాటుతుంది. ఉత్త రాగి బండి అదురుకి గట్టిపడి చీలుతుంది. ఉక్కుదైనా, రాగి-నికెల్ కలిపినదైనా బ్రేకుల కోసం చేసిన గొట్టమే వేయాలి. మిగతా గొట్టాలూ అదే నీళ్లలో మునిగినవే కాబట్టి అన్నీ మార్చాల్సిందే. ఈ బండికి బ్రేక్ ఆయిల్ రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి పోయినా రెండోది కొంత పట్టుకుంది కనుకే ఆ రోజు బయటపడ్డాం.

రాణిగంజ్ నుంచి సామాను తెచ్చాను. పని రెండు రోజులు పట్టింది. పాత ఆయిల్ నల్లటి డికాషన్‌లా దిగింది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, దాంతో గొట్టానికి లోపలి నుంచీ తుప్పు పడుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలంటారు. నేనెన్నడూ మార్చలేదు. చివర్లో కుర్రాడు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఉస్తాద్ ఒక్కో చక్రం దగ్గర నిపుల్ తిప్పి గాలి బుడగలు పోయేదాకా ఆయిల్ వదిలాడు. తర్వాత నన్ను సీట్లో కూర్చోబెట్టి పెడల్ గట్టిగా తొక్కి ఉంచమని, ప్రతి అతుకునీ పొడి కాగితంతో తుడిచి చూశాడు. కాగితానికి తడి అంటలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితే అంతకుముందు రెండుసార్లు నేనే నింపాను. ఎక్కడికి పోతోందని చూడలేదు. మీ బండిలో తగ్గితే నింపి ఊరుకోకండి. వరదలో మునిగిన బండైతే క్లిప్పులు తీయించి మరీ చూడండి.

ఆ సాయంత్రం అమ్మాయి డోరు పట్టుకుని, "ఆగుతుందా నాన్నా?" అని అడిగింది. ఈసారి "ఏం లేదురా" అనలేదు. జరిగిందంతా చెప్పాను. విని, ఎక్కి కూర్చుంది.