ప్యానెల్ చదివారు, చేతులెత్తాం

మా పాచిపెంట మండలంలో కొండ మీది ఊళ్ల నుంచి ధర్నాకు జనం ఎలా వస్తారో చూశారా? తెల్లారకముందే బయల్దేరి, చంకలో పిల్ల, భుజాన జెండా కర్రతో దిగొస్తారు. తహసీల్దారు ఆఫీసు ముందు మట్టి మీద కూచుంటారు. టెంటు నీడన ప్లాస్టిక్ కుర్చీల్లో పట్నం నుంచి వచ్చిన నాయకులు. డోలీ మోతల గురించి మైకులో వాళ్లు చెబుతారు, డోలీ మోసినవాడు చప్పట్లు కొడతాడు. ఏ ఎర్రజెండా సభ చూసినా ఇదే వరస.

తప్పు మండలంలో పుట్టింది కాదు. ఢిల్లీ నుంచి దిగిన రివాజు ఇది.

1964లో సీపీఎం పుట్టినప్పుడు పొలిట్‌బ్యూరోలో తొమ్మిదిమంది. మన సుందరయ్య ప్రధాన కార్యదర్శి, బసవపున్నయ్య సభ్యుడు. నవరత్నాలని మురిసిపోయాం. ఆ గదిలోకి తొలి దళితుడు రామచంద్ర డోమ్ అడుగుపెట్టింది 2022లో, కన్నూరు మహాసభలో. యాభై ఎనిమిదేళ్లు! ఈలోగా బెంగాల్‌ను 34 ఏళ్లు ఏలేశారు కూడా. కేరళలో కమ్యూనిస్టు ప్రభుత్వం 1957లోనే వచ్చింది. అక్కడ సీపీఎం నుంచి తొలి ఆదివాసీ మంత్రిగా ఓ.ఆర్. కేలు ప్రమాణం చేసింది 2024 జూన్‌లో. భూస్వాముల పార్టీ అని మనం తిట్టే కాంగ్రెస్ 2011లోనే అక్కడ ఆదివాసీ అయిన జయలక్ష్మిని మంత్రిని చేసింది. దీన్ని కూడా ఆత్మవిమర్శ తీర్మానంలో ఒక పేరాగా రాసేసి చేతులు కడుక్కుంటారా?

త్రిపుర సంగతి ఇంకా చేదు. కొండజనాన్ని కూడగట్టి అక్కడ పార్టీకి వేళ్లు పట్టించినవాడు ఆదివాసీ నాయకుడు దశరథ్ దేబ్. 1978లో అధికారం వస్తే ముఖ్యమంత్రి పీఠం నృపేన్ చక్రవర్తికి వెళ్లింది. దశరథ్ దేబ్ వంతు 1993కి గాని రాలేదు.

ఆదివాసీల్లో నాయకులెక్కడున్నారండీ అని సాగదీసేవాళ్లుంటారు. భద్రాచలం వెళ్లి అడగండి. కుంజా బొజ్జి, ఆయన తర్వాత సున్నం రాజయ్య, ఇద్దరూ మూడేసిసార్లు గెలిచారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా రాజయ్య బస్సెక్కి అసెంబ్లీకి వెళ్లేవారు. మనుషులు లేకపోవడమా ఇది? మెట్లు లేకపోవడం.

మెట్లు ఎవరు తీసేశారో చూడండి. దిగిపోయే కమిటీయే కొత్త కమిటీ పేర్లు రాస్తుంది. దాని పేరు ప్యానెల్. చదువుతారు, చేతులెత్తుతాం, ఏకగ్రీవం. 2025 ఏప్రిల్‌లో మదురై మహాసభలో మహారాష్ట్ర కార్మిక నాయకుడు డి.ఎల్. కరాడ్ కేంద్ర కమిటీ ప్యానెల్‌కు ఎదురు నిలబడితే అదో పెద్ద వార్త. 31 ఓట్లొచ్చాయి, ఓడిపోయారు. ఎన్నికల కోసం ఊరూరా తిరిగే పార్టీలో ఎన్నిక జరగడమే వింతట! అక్కడే 75 ఏళ్లు దాటారని ప్రకాశ్ కరత్, బృందా కరత్, మాణిక్ సర్కార్ పొలిట్‌బ్యూరో నుంచి తప్పుకున్నారు. అప్పుడు కేరళ ముఖ్యమంత్రిగా ఉన్న పినరయి విజయన్‌కు మాత్రం మినహాయింపు. కుర్చీలో ఉన్నవాడికి వయసు రాదు కాబోలు. త్రిపుర ఆదివాసీ నాయకుడు జితేంద్ర చౌధురిని పొలిట్‌బ్యూరోలోకి తీసుకున్నదీ ఆ మహాసభే, కాదనను. ఆలస్యానికి సన్మానం మాత్రం చేయలేను.

కింది కమిటీ పై కమిటీకి లోబడాలన్నది సూత్రం. ఆజ్ఞ కిందికి చకచకా దిగుతుంది, కింది మాట పైకెక్కదు. బెంగాల్లో 2008 నవంబరులో సాల్బనీ పేలుడు తర్వాత లాల్‌గఢ్‌లో పోలీసులు సంతాల్ ఆదివాసీల ఇళ్ల మీద పడ్డారు. అప్పుడు ఏలుతున్నది కమ్యూనిస్టు ముఖ్యమంత్రి. ఆ జిల్లాలో పార్టీ కమిటీలు లేకనా? అడవి భగ్గుమన్నాక గాని సచివాలయం రైటర్స్ బిల్డింగ్‌కు సెగ తగల్లేదు. 2011లో కోట కూలింది.

మన కొండల్లోనూ అంతే, కిందివాడి పేరు పైకెక్కదు. శ్రీకాకుళ గిరిజనోద్యమంలో 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు బలైనవాళ్లు ఆదివాసీలు కోరన్న, మంగన్న. ఆ ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాష్టార్లు ఈ కొండల కోసమే ప్రాణాలిచ్చారు, వాళ్లను పల్లెత్తు మాట అనను. కానీ కోరన్నది ఏ ఊరో, ఎలాంటి మనిషో మనలో ఎందరు చెప్పగలరు?

ప్యానెల్‌కు అదనంగా పేరు ప్రతిపాదించే హక్కు ప్రతినిధికి ఉందని, అప్పుడు రహస్య ఓటు పెట్టాలని పార్టీ నిబంధనావళే చెబుతోంది. కొండ మీది సభ్యులారా, ఈసారి మహాసభలో ప్యానెల్ చదవగానే చెయ్యెత్తకండి. లేచి మీ ఊరి మనిషి పేరు చెప్పండి. బ్యాలెట్ డబ్బా తెమ్మనండి.